గేమింగ్ పీసీకి విడిభాగాలు ఎంచుకోవడం: మానిటర్‌తో మొదలుపెట్టి వెనక్కి రండి

గేమింగ్ పీసీ అనగానే చాలామంది మొదట అడిగేది ప్రాసెసర్ గురించే. ఐ5 సరిపోతుందా, ఐ7 కావాలా అని. నిజానికి అది మూడో ప్రశ్న. ఏ తెర మీద, ఏ ఆటలు, సెకనుకు ఎన్ని ఫ్రేములతో (బొమ్మలతో) ఆడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టి గ్రాఫిక్స్ కార్డు, కార్డునుబట్టి ప్రాసెసర్, ఆ రెంటినిబట్టి బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ తేలతాయి. ఈ వరస తిరగబడితే ఒకచోట డబ్బు ఎక్కువై, ఇంకోచోట తక్కువవుతుంది.

1. తెర, ఆటలు

1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే 4కే తెర ఒక్కో ఫ్రేముకు 1080పీ కంటే నాలుగింతలు పిక్సెళ్లు గీయమంటుంది. ఈ బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది.

రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపుతుందో చెప్పే హెర్ట్జ్ అంకె, దాని సంగతి వేరు. 60 హెర్ట్జ్ తెరకు ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. 144 హెర్ట్జ్ తెరకు 6.9 మిల్లీసెకన్లే గడువు. శత్రువు ఎక్కడున్నాడు, తూటా తగిలిందా లేదా, తెర మీద ఏమేం గీయాలి, ఇవన్నీ లెక్కకట్టి కార్డుకు అందించేది ప్రాసెసర్. తెర రిజల్యూషన్ (పిక్సెళ్ల సంఖ్య) తక్కువైనా ఎక్కువైనా ఈ లెక్క దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి: రిజల్యూషన్ పెరిగితే కార్డుకు పని, ఫ్రేములు పెరిగితే ప్రాసెసర్‌కు కూడా పని.

వాలరంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలు 240 హెర్ట్జ్ మీద ఆడేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. సైబర్‌పంక్ 2077 లాంటివి 1440పీలో, అన్ని హంగులతో చూడాలనుకునేవాళ్లకు కార్డు ముఖ్యం. వేలమంది జనాన్ని, వాహనాలను నడిపే నగర నిర్మాణ ఆటలు మళ్లీ ప్రాసెసర్‌నే పిండుతాయి.

పాత పీసీ ఉంటే ఒక పరీక్ష చేయండి. మీ ఆటలో రిజల్యూషన్‌ను 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఆపుతున్నది కార్డు. ఎక్కడి ఫ్రేములు అక్కడే ఉంటే ప్రాసెసర్. ఏది మార్చాలో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణతో వెళ్దాం: 1440పీ, 165 హెర్ట్జ్ మానిటర్. అన్ని రకాల ఆటలూ ఆడే మనిషి.

2. గ్రాఫిక్స్ కార్డు

మానిటర్ పక్కన పెడితే, పెట్టె మొత్తం ఖర్చులో 35 నుంచి 45 శాతం కార్డుకే పోవడం సహజం. అందుకు వెనకాడకండి.

కార్డు పేరు కంటే ముందు దాని మెమరీ చూడండి. 1080పీలో పోటీ ఆటలకు 8 జీబీ నడుస్తుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలను 1440పీలో ఆడాలంటే 12 జీబీ కనీసం అనుకోండి. 16 జీబీ అయితే నిశ్చింత. మెమరీ నిండితే ఏమవుతుందో తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. మిగిలిన టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) సిస్టమ్ ర్యామ్‌లోకి పొర్లుతాయి. అక్కడి నుంచి తెచ్చుకునే దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా ఇరుకు. దాంతో సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తూ, పక్కకు తిరిగిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం తడబడుతుంది. కొన్ని ఆటలైతే తడబడవు కానీ గోడలు, ముఖాలు మసకగానే ఉండిపోతాయి. సెట్టింగుల్లో 'అల్ట్రా' అనే ఉంటుంది, కంటికి మాత్రం కనపడదు.

ఒకే పేరుతో రెండు సరుకులు అమ్ముతారు, జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 5060 టీఐ రెండూ 8 జీబీలోనూ, 16 జీబీలోనూ ఉన్నాయి. తక్కువకు దొరికిందని సంబరపడే ముందు పెట్టె మీద అంకె చదవండి.

పాత బోర్డులో కొత్త కార్డు పెడుతున్నవాళ్లు లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు) కూడా చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు 16 లేన్ల స్లాటులో కూర్చున్నా 8 లేన్లే వాడతాయి. ఆ దారుల ప్రమాణం పేరు పీసీఐఈ; 4.0 బోర్డులో దాని వల్ల నష్టం కనపడదు. 3.0 బోర్డులో దారి సగమవుతుంది. మెమరీ నిండినప్పుడు ఆ దెబ్బ మరీ తగులుతుంది.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్‌ను (తక్కువ పిక్సెళ్లతో గీసి తెర సైజుకు పెంచే పద్ధతిని) లెక్కలోకి తీసుకోవడం తప్పేమీ కాదు. 4కేలో 'క్వాలిటీ' పెడితే కార్డు లోపల గీసేది 1440పీ బొమ్మే. ఫ్రేమ్ జనరేషన్‌ను మాత్రం నమ్ముకుని చిన్న కార్డు కొనకండి. మధ్యలో కల్పించిన ఫ్రేములు తెరను నునుపు చేస్తాయే గానీ, 30 ఫ్రేముల ఆటలో మౌస్‌కు ఉండే బద్ధకం పోదు.

ఒకే చిప్‌తో నాలుగైదు కంపెనీల కార్డులుంటాయి. ఫ్యాక్టరీలోనే వేగం పెంచామని చెప్పే రకానికీ మామూలు రకానికీ తేడా ఎక్కువగా రెండు మూడు శాతమే. అదనంగా ఇచ్చేది చప్పుడు తక్కువుండే కూలర్ కోసమైతే సరే. వేగం కోసమైతే ఆ డబ్బుతో పై చిప్‌కే వెళ్లండి.

మన ఉదాహరణకు 12 జీబీ ఆర్‌టీఎక్స్ 5070 అనుకుందాం. 250 వాట్లు. ఈ అంకెతో ముందుముందు పని ఉంది.

3. ప్రాసెసర్

ఎక్కువమందికి ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) సరిపోతాయి. ఆట ఆడుతూనే స్ట్రీమింగ్, వీడియో ఎడిటింగ్ ఉంటే ఎనిమిది, ఆపైన. అధిక ఫ్రేములే లక్ష్యమైతే కోర్ల సంఖ్య కంటే క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) ఎక్కువ పనికొస్తుంది. రైజెన్ 7 7800ఎక్స్3డీలో ఉన్నవి ఎనిమిది కోర్లే, కానీ ఎల్3 క్యాష్ 96 ఎంబీ. మాటిమాటికీ ర్యామ్ దాకా పోకుండా పక్కనే దొరుకుతుంది కాబట్టి ఆటల్లో దాని కంటే ఎక్కువ కోర్లున్నవాటిని కూడా దాటిపోతుంది.

పేరు చివరి అక్షరాలను నిర్లక్ష్యం చేయకండి. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. కార్డు చెడిపోయిన రోజున తెర మీద ఏమీ రాదు, తప్పు కార్డుదా బోర్డుదా అని తేల్చుకోవడం కూడా కష్టం. 'కే' అంటే ఓవర్‌క్లాకింగ్‌కు (నిర్ణయించిన వేగం దాటించి నడపడానికి) తాళం లేనిది. ఆ పని చేయనివాళ్లకు అదనపు ఖర్చు. ఏఎండీలో 'జీ' రకం, ఉదాహరణకు రైజెన్ 5 5600జీ, విడిగా కార్డు కొననివాళ్ల కోసం. దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, పైగా పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోయింది. పక్కన పెద్ద కార్డు పెట్టాలనుకుంటే అది తప్పు జోడీ.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొనేవాళ్లకు ఒక మాట. వాటిలో వోల్టేజీ సమస్యతో ఆటలు మధ్యలో ఆగిపోవడం బయటపడి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు విడుదల చేసింది. సవరణ ఇకపై దెబ్బతినకుండా కాపాడుతుంది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగు చేయదు.

ఉదాహరణలోకి రైజెన్ 5 9600ఎక్స్ తీసుకుందాం. పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, మామూలు సెట్టింగుల్లో 88 వాట్ల దాకా లాగుతుంది. పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనాలి.

4. మదర్‌బోర్డు

ముందు సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 బోర్డులన్నీ డీడీఆర్5 (ర్యామ్ తరం) మాత్రమే. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాని స్లాటులో దూరదు, గాడి చోటు వేరు.

సాకెట్ కుదిరినంత మాత్రాన అయిపోలేదు. మన 9600ఎక్స్ బీ650 బోర్డులో చక్కగా కూర్చుంటుంది. కానీ ఆ బోర్డు ఆ ప్రాసెసర్ రాకముందు తయారై షెల్ఫులో ఉండిపోయిందైతే బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. బోర్డు పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లున్నారు. తయారీదారు పేజీలో ప్రాసెసర్ల జాబితా తెరిచి, మీ ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో చూడండి. వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఉండాలి, ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టాలి, బటన్ నొక్కాక లైటు మెరవడం ఆగేదాకా కరెంటు తీయకూడదు. ఈ ఒక్క బటన్ కోసం కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ప్రాసెసర్ చుట్టూ ఉండే వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీ అందించే భాగం) మీద లోహపు హీట్‌సింక్ ఉందో లేదో చూడండి. ఆరు కోర్లకు మధ్యస్థం బోర్డు చాలు. పన్నెండు, పదహారు కోర్లను బోడి వీఆర్‌ఎం బోర్డు మీద పెడితే అది వేడెక్కి, ప్రాసెసర్ వేగాన్ని తానే తగ్గించేస్తుంది. మాన్యువల్‌లో ఎం.2 (ఎస్‌ఎస్‌డీ పెట్టే స్లాటు) పేజీ కూడా ఒకసారి చదవండి. చాలా బోర్డుల్లో రెండో మూడో ఎం.2 స్లాటు వాడితే కొన్ని సాటా పోర్టులు (తీగతో కలిపే డ్రైవులవి) ఆగిపోతాయి, లేదా కింది పీసీఐఈ స్లాటు మూగబోతుంది. అది లోపం కాదు, లేన్లు పంచుకోవడం.

5. ర్యామ్

32 జీబీ, అదీ 16 చొప్పున రెండు స్టిక్కులు. ఒకే 32 జీబీ స్టిక్కు పెడితే ఒక ఛానెలే నడుస్తుంది, ఫ్రేములు పోతాయి. రెండింటినీ ఒకే కిట్‌గా కొనండి.

వేగం పక్కన సీఎల్ అంకె (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్‌కు పట్టే ఆలస్యం) కూడా చదవాలి. లెక్క సులువు: సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగించండి. డీడీఆర్5 6000 సీఎల్30కి 10 నానోసెకన్లు. అదే 6000 వేగంలో సీఎల్36కి 12. పాత డీడీఆర్4 3200 సీఎల్16కి కూడా 10 వస్తుంది. ఏఎం5 మీద 6000 సీఎల్30 కిట్ తేలికగా నిలబడుతుంది. 7200, 8000 అని ఎగబాకితే డబ్బూ పోతుంది, స్థిరత్వమూ అనుమానమే.

'ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు' అనే ఆలోచన డీడీఆర్4 రోజుల్లో నడిచేది. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే మెమరీ కంట్రోలర్ మీద భారం పెరిగి వేగం దిగిపోతుంది. రైజెన్ 7000కి నాలుగు స్టిక్కులతో ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600 మాత్రమే. ఎంత కావాలో ఇప్పుడే నిర్ణయించుకుని రెండు స్టిక్కుల్లో కొనేయండి.

బిగించేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. చాలా బోర్డుల్లో వాటి పేర్లు ఏ2, బీ2. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌కు శిక్షణ ఇచ్చుకుంటుంది. కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు. కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. టీ తాగి రండి.

ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎంపీ గానీ (కిట్ మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. ఇది మర్చిపోయి 6000 కిట్‌ను నెలల తరబడి 4800 మీద నడిపేవాళ్లు కోకొల్లలు. ఇంటెల్ వైపు హెచ్610 లాంటి చిన్న చిప్‌సెట్లు (బోర్డు మీది నియంత్రణ చిప్పులు) ప్రాసెసర్ అధికారిక వేగం దాటనివ్వవు. ఆ బోర్డు తీసుకుని వేగం ర్యామ్ కొనడం వృథా.

6. ఎస్‌ఎస్‌డీ

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాటులో కూర్చునే వేగమైన రకం) కనీసం, విండోస్‌లో అది 931 జీబీగా కనిపిస్తుంది. ఒక్క పెద్ద ఆటే 100 జీబీ దాటుతున్న రోజుల్లో 2 టీబీ మేలు. పీసీఐఈ 3.0 డ్రైవుకూ 4.0 డ్రైవుకూ ఆట లోడయ్యే సమయంలో పెద్ద తేడా తెలియదు. క్యూఎల్‌సీ (ఒక్కో గదిలో నాలుగు బిట్లు దాచే) రకం నిండేకొద్దీ రాసే వేగం బాగా పడిపోతుంది. ధరలో తేడా కొంచెమే అయితే టీఎల్‌సీ (మూడు బిట్ల రకం) తీసుకోండి.

7. ఎస్‌ఎంపీఎస్

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేది ఇక్కడే. లెక్క వేద్దాం. కార్డు 250, ప్రాసెసర్ 88, బోర్డు, ర్యామ్, డ్రైవులు, ఫ్యాన్లకు 80. మొత్తం 418. దీన్ని ఒకటిన్నరతో గుణిస్తే 627. అంటే 650 వాట్లు సరిపోతుంది, 750 తీసుకుంటే తర్వాత కార్డు మార్చుకోవడానికి చోటుంటుంది. 1000 వాట్లు అక్కర్లేదు.

ఆ సగం అదనం ఎందుకంటే, 250 వాట్ల కార్డు ఎప్పుడూ 250 దగ్గరే నిలబడదు. మిల్లీసెకన్ల పాటు దానికి మించి గుంజుతుంది. బక్క ఎస్‌ఎంపీఎస్ ఆ కుదుపును ప్రమాదమనుకుని ఆగిపోతుంది. లక్షణం స్పష్టంగా ఉంటుంది: బ్రౌజర్, వీడియోలు గంటల తరబడి బాగానే నడుస్తాయి, బరువైన ఆట మధ్యలో పీసీ ఒక్కసారిగా రీస్టార్ట్ అవుతుంది. బ్లూ స్క్రీన్ కూడా రాదు. ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణాల్లో ఈ కుదుపులను తట్టుకునే షరతు ఉంది కాబట్టి వాటిలోనే చూడండి.

80 ప్లస్ గోల్డ్ అనే గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది. లోపలి సరుకు నాణ్యతకు అది హామీ కాదు. దాని కంటే పక్కనున్న స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చదవండి. ఆంపియర్లను 12తో గుణించండి. 62 ఆంపియర్లుంటే 744 వాట్లు, నిజమైన 750 అన్నమాట. '650 వాట్లు' అని పెద్ద అక్షరాలు రాసి, ఆ గడిలో 38 ఆంపియర్లుంటే అసలు పనికొచ్చేది 456 వాట్లే. కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే.

తీగల విషయంలో మూడు జాగ్రత్తలు. మాడ్యులర్ (తీగలు ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత తీగలు వాడకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. ప్లగ్గు దూరుతుంది, ఎస్‌ఎస్‌డీ కాలిపోతుంది. రెండోది, ప్రాసెసర్ 8 పిన్నుల తీగ నాలుగూ నాలుగుగా, కార్డు 8 పిన్నుల తీగ ఆరూ రెండుగా విడిపోతాయి. చూపుకు ఒకలాగే ఉంటాయి, బలవంతం చేయకండి. మూడోది, 16 పిన్నుల కనెక్టరున్న కార్డైతే సందు లేకుండా పూర్తిగా లోపలికి నొక్కి, మొదటి 3.5 సెంటీమీటర్లు తీగను వంచకుండా వదలండి. సగం దిగిన కనెక్టర్లో కొద్ది పిన్నుల మీదే కరెంటంతా పోయి ప్లాస్టిక్ కరుగుతుంది.

8. క్యాబినెట్, కూలర్: టేపు పట్టుకునే పని

మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి: కార్డు పొడవు, కూలర్ ఎత్తు, బోర్డు సైజు. క్యాబినెట్ పేజీలో కార్డుకు 360 మి.మీ. చోటుందని రాశారు, మీ కార్డు 330. సరిపోయిందనిపిస్తుంది. కానీ ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెడితే దాని మందం 27, ఫ్యాన్ 25, కలిపి 52 పోయి మిగిలేది 308. కార్డు పట్టదు. రేడియేటర్‌ను పైకి మార్చాలి, లేదా గాలి కూలర్‌తో సరిపెట్టుకోవాలి. పైకి మారిస్తే పొడుగు ర్యామ్ తగులుతుందేమో అదీ చూడాలి.

మన 88 వాట్ల ప్రాసెసర్‌కు 120 మి.మీ. ఫ్యాన్‌తో ఒంటి టవర్ కూలర్ ధారాళంగా సరిపోతుంది. ఇలాంటివి సాధారణంగా 150 నుంచి 160 మి.మీ. ఎత్తుంటాయి. లిక్విడ్ కూలర్ అందం కోసం కావాలంటే మీ ఇష్టం, ఈ ప్రాసెసర్‌కు అవసరం మాత్రం లేదు.

ముందు మొహం నిండా అద్దమున్న క్యాబినెట్లలో పక్కనో కిందో గాలి దారి లేకపోతే కార్డు తన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. జాలీ మొహం, లోపలికి ఊదే రెండు ఫ్యాన్లు, వెనక బయటికి తోసే ఒకటి చాలు. రంగుల లైట్లు పెట్టుకునేవాళ్లు బోర్డు మీద మూడు పిన్నుల 5 వోల్టుల హెడరు (తీగ గుచ్చే పిన్నుల చోటు) ఉందో, నాలుగు పిన్నుల 12 వోల్టులదుందో చూసుకోండి. 5 వోల్టుల స్ట్రిప్పును 12లో గుచ్చితే ఆ లైట్లు మళ్లీ వెలగవు.

9. ఆర్డరుకు ముందు, సరుకు వచ్చాక

జాబితా పూర్తయ్యాక అన్నీ ఒకేసారి, ఒకే వారంలో తెప్పించండి. ఇవాళ బోర్డు, రెండు నెలల తర్వాత ప్రాసెసర్ అంటూ కొంటే, బోర్డు పనిచేయదని తెలిసేసరికి వాపసు గడువు దాటిపోతుంది.

బోర్డు పెట్టె తెరవగానే ప్రాసెసర్ సాకెట్‌ను ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీయండి. ఏఎం5లోనూ ఇంటెల్‌లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగి ఉన్నా ఒక ర్యామ్ ఛానెల్ మాయమవ్వచ్చు. మీరు ముట్టుకోకముందే వంగిందని చూపడానికి ఆ ఫొటో కావాలి. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు. కూలర్ అడుగున పారదర్శకమైన పొర ఉంటే తీసి బిగించండి. అది తీయడం మర్చిపోతే ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కుతుంది. క్యాబినెట్‌లో స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు మేకులు) బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి. అదనంగా ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

మొదటి వారంలోనే బాగా శ్రమ పెట్టండి. ఒక రాత్రంతా మెమరీ పరీక్ష, మర్నాడు మీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన ఆట రెండు గంటలు. మెమరీ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఎక్స్‌పో ఆపి మళ్లీ నడపండి. అప్పుడు శుభ్రంగా వస్తే వేగం ఎక్కువైందన్నమాట, ఒక మెట్టు దించండి. అప్పుడూ తప్పులొస్తే ర్యామ్ వాపసు ఇచ్చేయండి.

అన్నీ కుదిరినా ఆట 20 ఫ్రేములు దాటకపోతే పెట్టె వెనక్కి వంగి చూడండి. మానిటర్ తీగ బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టులో ఉంటుంది, కార్డు ఖాళీగా కూర్చుని ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ తీగతో కార్డుకే కలిపి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి 60 అని ఉన్నచోట 165 ఎంచుకోండి. విండోస్ ఆ మార్పు తనంతట తాను చేస్తుందన్న నమ్మకం లేదు.